సర్వర్ మీదే 3డీ మోడళ్ళు ఎడిట్ చెయ్యాలి, స్క్రీన్ లేదు. దారి ఉందా?

గోపురం_గోపి
మేం నలుగురం సెలవు రోజుల్లో పాత గుళ్ళు తిరిగి శిల్పాలు, శాసనపు రాళ్ళు ఫోటోలు తీసి 3డీ మోడళ్ళు చేస్తున్నాం. ఇప్పటికి 186 అయ్యాయి. అన్నీ ఓబీజే (3డీ ఆకారాన్ని టెక్స్ట్‌గా రాసే) ఫైళ్ళే. ఒక్కోటి 300 నుంచి 600 ఎంబీ, పక్కన 8కే టెక్స్చర్ (ఆకారం మీద అతికించే రంగుల బొమ్మ). అద్దెకు తీసుకున్న లినక్స్ సర్వర్‌లో పడి ఉన్నాయి. ఫోన్ మీద వేలితో తిప్పి చూసేలా సైట్లో పెట్టాలంటే ఆకారం అల్లుకున్న త్రిభుజాల్ని ఒక్కోదాంట్లో లక్షన్నరకు దించి, వెబ్‌కు పనికొచ్చే జీఎల్‌బీ ఫైలుగా మార్చాలి.

ఇన్నాళ్ళూ చేస్తున్నదేమిటంటే, దింపుకుని, ల్యాప్‌టాప్‌లో తెరిచి, తగ్గించి, మళ్ళీ ఎక్కించడం. మా ఊరి నెట్ సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి పెడితే తెల్లారేసరికి మూడు అవుతాయి. మధ్యలో కరెంటు పోతే రెండు.

సర్వర్ మీదే కానిచ్చేద్దామని ఏదో పాత పాఠంలో మెష్‌ల్యాబ్ అనే 3డీ ప్రోగ్రామ్ తాలూకు మెష్‌ల్యాబ్‌సర్వర్ కమాండు చూసి కొట్టా. డిస్‌ప్లేకి కనెక్ట్ కాలేకపోతున్నానని ఒకటే గోల. సర్వర్‌కు డిస్‌ప్లే ఎక్కణ్ణుంచి తేను? ఉబుంటు, 4 జీబీ మెమరీ, డెస్క్‌టాప్ ఏమీ లేదు. ఇలాంటి పని చేసినవాళ్ళు ఉన్నారా?

ఉప్మా_ప్రేమికుడు
ఒక మానిటర్ కొనిపెట్టు అన్నా, అడుగుతోంది కదా పాపం.

ముక్కోణాల_మూర్తి
ఆ కమాండును మెష్‌ల్యాబ్ వాళ్ళే తీసేసి చాలా కాలమైంది. దాని బదులు పైమెష్‌ల్యాబ్ ఇచ్చారు. పైథాన్ లైబ్రరీ, పిప్‌తో దిగుతుంది, స్క్రీన్ అడగదు. మెష్‌సెట్ తెరువు, ఫైల్ లోడ్ చెయ్యి, ఫిల్టర్ పేరు చెప్పి ఎన్ని ఫేసులు (త్రిభుజాలు) కావాలో ఇవ్వు, సేవ్ చెయ్యి. నాలుగు లైన్లు.

రెండు చోట్ల కాలు జారుతుంది. ఖాళీ సర్వర్‌లో ఇంపోర్ట్ చెయ్యగానే ఓపెన్‌జీఎల్ లైబ్రరీ కనపడలేదని ఆగిపోవచ్చు. చిన్న ప్యాకేజీ, ఆప్ట్‌తో వేస్తే సరి, డెస్క్‌టాప్ మొత్తం అక్కర్లేదు. రెండోది, 2022లో ఫిల్టర్ల పేర్లన్నీ మార్చేశారు. పాత పాఠాల్లో సింప్లిఫికేషన్ అని మొదలయ్యేది ఇప్పుడు మెషింగ్ డెసిమేషన్ అని మొదలవుతుంది. పేరు దొరకలేదు అంటే భయపడొద్దు, కొత్త పేరు వెతుక్కోండి.

నల్లతెర
పాత కమాండు కూడా నడుస్తుంది బాబూ. ముందు ఎక్స్‌వీఎఫ్‌బీ-రన్ అని తగిలిస్తే మెమరీలో ఒక ఉత్తుత్తి స్క్రీన్ పుడుతుంది, ప్రోగ్రామ్ దాన్ని చూసి నిజమనుకుంటుంది. 15 ఏళ్ళుగా నా బండి అలాగే నడుస్తోంది.

ముక్కోణాల_మూర్తి
నడుస్తుంది, కాదనను. కానీ ఎవరూ రిపేరు చెయ్యని బండి కొత్తగా కొనమని ఎందుకు చెప్పడం?

బ్లెండర్_భవాని
నేనైతే 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌కే ఓటు. కిటికీ లేకుండా నడుస్తుంది. హైఫన్ బీ ఇస్తే బ్యాక్‌గ్రౌండ్, హైఫన్ పెద్ద పీ ఇచ్చి మన పైథాన్ స్క్రిప్ట్ పేరు, తర్వాత రెండు హైఫన్లు పెట్టి మన ఫైళ్ళ పేర్లు. ఆ రెండు హైఫన్ల తర్వాత ఏమున్నా బ్లెండర్ ముట్టుకోదు, మన స్క్రిప్ట్ చదువుకుంటుంది. తగ్గించడం, టెక్స్చర్ చిన్నది చెయ్యడం, జీఎల్‌బీ రాయడం అన్నీ ఒకే చోట అయిపోతాయి.

వరస మాత్రం తప్పొద్దు. బ్లెండర్ ఆప్షన్లను రాసిన వరసలోనే ఎడమ నుంచి కుడికి అమలు చేస్తుంది. రెండర్ (మోడల్‌ను బొమ్మగా తియ్యడం) చెయ్యమన్న తర్వాత ఎక్కడ సేవ్ చెయ్యాలో చెప్తే అది విని లాభం లేదు, అప్పటికే రెండర్ అయిపోయి ఉంటుంది. దీనివల్ల ఒక పూట పోగొట్టుకున్నా.

కొత్తకోడి
అంటే మౌస్ లేకుండా బ్లెండరా? నాకు మౌస్ ఉంటేనే రావట్లేదు.

బ్లెండర్_భవాని
@కొత్తకోడి మౌస్ లేకపోతేనే సులువు తమ్ముడూ, తప్పు బటన్ నొక్కే అవకాశం ఉండదు.

గోపీ, ఇంకోటి. నెట్లో దొరికే పాత స్క్రిప్టుల్లో ఓబీజే ఇంపోర్ట్‌కు పాత పేరుంటుంది, 4.0 నుంచి అది లేదు. ఆ లైను ఒక్కటి మార్చుకో.

గోపురం_గోపి
మూర్తిగారి దారి ముందు పట్టా. మొదటి మూడూ బాగా వచ్చాయి. ఇంత సులువా అని సంబరపడి 186కీ లూప్ పెట్టి భోజనానికి వెళ్ళా. వచ్చి చూస్తే ఒకే ఒక్క మాట: "కిల్డ్". ఎవరు చంపారో, ఎందుకు చంపారో లేదు.

నల్లతెర
కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) చంపింది. డీమెసేజ్ కొట్టి చూడు, అవుట్ ఆఫ్ మెమరీ అని ఉంటుంది. 600 ఎంబీ ఓబీజే అంటే మెమరీలో 600 ఎంబీ కాదు, దానికి ఎన్నో రెట్లు. ఒక్కటి చెప్పు, ఒకేసారి ఎన్ని నడిపావు?

గోపురం_గోపి
తొందరగా అవుతుందని నాలుగు…

ఉప్మా_ప్రేమికుడు
నలుగురు పెద్దమనుషుల్ని ఒకే స్కూటర్ ఎక్కించావు.

నల్లతెర
ఒక్కోటే నడుపు. 8 జీబీ స్వాప్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) పెట్టుకో, నిదానంగా అయినా చావదు. టీమక్స్‌లో పెట్టి వదిలెయ్, మీ ఊరి కరెంటు పోయినా సర్వర్‌లో పని ఆగదు. లూప్‌లో ఫైల్ పేరును కొటేషన్లలో పెట్టావా?

గోపురం_గోపి
లేదు. ఎందుకు? మా ఫైళ్ళ పేర్లు చూడండి మరి: "నంది పాతది", "నంది పాతది కొత్తది", "నంది ఫైనల్ 2 నిజంగా ఫైనల్".

నల్లతెర
స్పేస్ వచ్చిన ప్రతిచోటా షెల్ నీ నందిని ముక్కలు చేస్తుంది. కొటేషన్ పెట్టు. వీలైతే పేర్లు మార్చు, ముఖ్యంగా ఆ మూడోది.

ప్రింటర్_ప్రసాదు
నాది వేరే బాధే కానీ ఇక్కడ పనికొస్తుందేమో. మాది 3డీ ప్రింటింగ్ షాపు. కస్టమర్లు ఎస్‌టీఎల్ ఫైళ్ళు (ప్రింట్ చెయ్యాల్సిన ఆకారాలు) సర్వర్‌కి ఎక్కిస్తారు, స్క్రిప్టే తనిఖీ చేస్తుంది. ఎస్‌టీఎల్‌లో కొలమానం ఉండదు, ఉత్త అంకెలే. ఒకాయన 4 అంగుళాల బ్రాకెట్ అంగుళాల్లో గీసి పంపాడు. మా మెషిన్ 4 మిల్లీమీటర్లు అనుకుని చక్కగా ప్రింట్ చేసింది. కందిగింజంత ఉంది. ఆయన వచ్చి అరచేతిలో పెట్టుకుని, "ఏదండీ?" అన్నాడు.

అప్పట్నుంచి స్క్రిప్ట్ మొదట పెద్ద కొలత చూస్తుంది. 5 కంటే తక్కువైతే ఆపేసి నాకు మెసేజ్ పెడుతుంది. అవునా అని ఫోన్ చేసి, అంగుళాలే అంటే యాడ్‌మెష్‌తో 25.4 రెట్లు పెంచుతా. చిన్న పాత ప్రోగ్రామ్. ఎస్‌టీఎల్ తప్ప ఇంకేదీ చదవదు, కానీ రంధ్రాలు పూడుస్తుంది, తిప్పుతుంది, ఎంత పెద్ద ఫైలైనా విసుక్కోదు.

బైనరీ ఎస్‌టీఎల్ సగం దిగిందో పూర్తిగా దిగిందో తెరవకుండానే చెప్పొచ్చు. ముందు 80 బైట్లు హెడర్, 4 బైట్లలో త్రిభుజాల లెక్క, ఆ తర్వాత త్రిభుజానికి 50 బైట్లు. పది లక్షల త్రిభుజాలంటే 5,00,00,084 బైట్లు ఉండాలి, ఒక్కటి తగ్గినా తిప్పి పంపేస్తా.

నల్లతెర
మొదటి మాట "సాలిడ్" అని ఉంటే టెక్స్ట్ ఫైల్ అని చాలామంది అనుకుంటారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు బైనరీ హెడర్‌లో కూడా ఆ మాటే రాస్తాయి. సైజు లెక్కే నమ్మకం. ఇది బాగుంది ప్రసాదూ.

గోపురం_గోపి
ఒక్కోటే పెట్టి రాత్రంతా నడిపా. చావలేదు! కానీ పొద్దున్నే చూస్తే ఘోరం. ఆకారం బాగానే ఉంది, టెక్స్చర్ మాత్రం పగిలిన అద్దంలో చూసినట్టుంది. వీరభద్రుడి కన్ను మోకాలి మీదుంది.

ముక్కోణాల_మూర్తి
తప్పు నాది, ముందే చెప్పాల్సింది. తగ్గించే ఫిల్టర్లు రెండున్నాయి. మామూలుది ఆకారం ఒక్కటే చూస్తుంది. పేరు చివర "విత్ టెక్స్చర్" అని ఉన్నది యూవీలను (టెక్స్చర్‌లో ఏ చోటు ఎక్కడ అతకాలో చెప్పే గుర్తుల్ని) కూడా కాపాడుతుంది. మీకు కావలసింది అదే.

గోపురం_గోపి
మార్చా. కన్ను చోటుకొచ్చింది. కానీ 40 మోడళ్ళు తెల్లగా, సున్నం కొట్టినట్టు వస్తున్నాయి. టెక్స్చర్ ఫైల్ పక్కనే ఉంది, నేనే చూశా.

నల్లతెర
ఓబీజే పక్కనుండే ఎంటీఎల్ ఫైల్ తెరిచి టెక్స్చర్ దారి రాసిన లైను ఇక్కడ పెట్టు.

గోపురం_గోపి
సీ డ్రైవ్, యూజర్స్, మా తమ్ముడి పేరు, డెస్క్‌టాప్, న్యూ ఫోల్డర్ 3… అని ఉంది. అర్థమైంది. వాడి ల్యాప్‌టాప్‌లో చేసినవి ఆ 40.

నల్లతెర
అంతే. మోడల్ వాడి డెస్క్‌టాప్ కోసం మన సర్వర్‌లో వెతుకుతోంది. సెడ్ కమాండుతో ఒక్క లైను, దారంతా కొట్టేసి ఫైల్ పేరు మాత్రం ఉంచు. విండోస్‌లో చేసిన ఫైల్ కాబట్టి ప్రతి లైను చివరా కనపడని ఒక అక్షరం కూడా ఉంటుంది, డాస్‌టుయూనిక్స్ కొట్టి దాన్నీ తీసెయ్.

ఇందుకే నాకు ఓబీజే ఇష్టం. ఉత్త టెక్స్ట్. చిన్న వీతో మొదలైతే బిందువు, ఎఫ్‌తో మొదలైతే ఫేసు. ఎన్ని ఫేసులున్నాయో గ్రెప్ హైఫన్ సీతో లెక్కపెట్టొచ్చు, బిందువుల్ని ఆక్ కమాండుతో జరపొచ్చు. 3డీ సాఫ్ట్‌వేర్ ఏదీ వెయ్యక్కర్లేదు.

వెబ్_వెంకట్
ఇంత దూరం ఎందుకండీ. ముందు జీఎల్‌టీఎఫ్‌గా (జీఎల్‌బీ దాని బైనరీ రూపమే) మార్చేసి జీఎల్‌టీఎఫ్‌ప్యాక్‌కు ఇస్తే తగ్గించడం, కుదించడం రెండూ అదే చేస్తుంది. ఒకటే చిన్న ప్రోగ్రామ్, పైథాన్ లేదు, ఏమీ లేదు. మా ఆఫీసులో కుర్చీలు, సోఫాల మోడళ్ళన్నీ దాంతోనే.

ముక్కోణాల_మూర్తి
సోఫాలకు బాగుంటుంది. ఫోటోల నుంచి చేసిన మోడల్‌కు పెట్టి చూడండి. వీటి టెక్స్చర్ వేల ముక్కలుగా చిరిగి ఉంటుంది. ముక్కల అంచుల్ని అది కాపాడుతుంది, అందుకని ఒక స్థాయి దాటి తగ్గదు. నేను 2 శాతానికి దించమంటే 30 దగ్గర మొండికేసింది. బలవంతంగా తగ్గించే ఆప్షన్ ఉంది కానీ అప్పుడు అంచుల దగ్గర చిరుగులు కనిపిస్తాయి.

వెబ్_వెంకట్
అది నిజమే, స్కాన్లు నేను ఎప్పుడూ పెట్టలేదు. అయితే ముందు పైమెష్‌ల్యాబ్‌తో తగ్గించి, చివర్న కుదించడానికి మాత్రం దీన్ని వాడండి. లేదంటే జీఎల్‌టీఎఫ్-ట్రాన్స్‌ఫామ్ ఉంది, 8కే టెక్స్చర్‌ను 2కేకు దించడం దాంతో హాయి. ఫోన్లో మెమరీ తినేది ఎక్కువగా టెక్స్చరే, త్రిభుజాలు కాదు.

శాసనాల_శారద
ఆలస్యంగా చూశాను. కంప్యూటర్ సంగతులు నాకు అంతగా తెలీదు, శాసనాలు చదవడం నా పని. గోపిగారూ, శాసనపు రాళ్ళను కూడా లక్షన్నరకు దించుతున్నారా? అలా అయితే దయచేసి ఆపండి. ఎవరో ఇలాగే తగ్గించిన రాయి ఒకటి నాకు పంపారు. దూరం నుంచి రాయి రాయిలాగే ఉంది. దగ్గరికి వెళ్తే అక్షరాలకు లోతు లేదు. తలకట్టు ఉందో లేదో తెలీదు, కొమ్ముకీ సున్నకీ తేడా లేదు. ఎనిమిది వందల ఏళ్ళ వానకు అరగని రాయి మీ ఒక్క కమాండుకు అరిగింది.

బ్లెండర్_భవాని
శారదగారూ, దానికి నార్మల్ మ్యాప్ అని ఒక ఉపాయం ఉంది. పెద్ద మోడల్ మీది గీతల్ని ఒక బొమ్మలోకి దించి చిన్న మోడల్‌కు అంటిస్తాం. వెలుగు పడితే అక్షరాలు మళ్ళీ లోతుగా కనిపిస్తాయి. బ్లెండర్‌లోని సైకిల్స్ రెండరర్‌తో సర్వర్ మీదే, స్క్రీన్ లేకుండానే చెయ్యొచ్చు.

శాసనాల_శారద
కనిపిస్తాయి, కానీ ఉండవు కదమ్మా. నేను చదివేటప్పుడు వెలుగును ఏటవాలుగా తిప్పుతా, ఒక్కోసారి లోతు కొలుస్తా. బొమ్మలో లోతును ఎలా కొలవను?

బ్లెండర్_భవాని
ఒప్పుకుంటున్నా. చూసేవాళ్ళకు అది, చదివేవాళ్ళకు అసలుది.

గోపురం_గోపి
శారదగారూ, శాసనాలు మొత్తం 15. అసలు ఫైళ్ళు ఒక్కటీ చెరపలేదు, ఇంకో ఫోల్డర్‌లోకి రాస్తున్నా. ఆ 15 పక్కన పెట్టేశా. నాకు భయం వేస్తున్నది వేరే. సర్వర్‌లో ఏదీ కంటికి కనపడదు. శారదగారు చెప్పకపోతే అక్షరాలు పోయాయని నాకు తెలిసేదే కాదు. 186 తెరిచి చూడాలంటే మళ్ళీ అన్నీ దింపుకోవాలి. మీరంతా చూడకుండా ఎలా నమ్ముతున్నారు?

ముక్కోణాల_మూర్తి
అంకెలతో చూస్తాం. తగ్గించక ముందు, తర్వాత పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. అవి మారితే ఎక్కడో ముక్కు, వేలు ఎగిరిపోయినట్టు. తర్వాత హౌస్‌డార్ఫ్ దూరం అని పైమెష్‌ల్యాబ్‌లోనే ఒక లెక్క ఉంది. పాత ఉపరితలానికీ కొత్తదానికీ మధ్య సగటు దూరమెంత, అన్నిటికంటే పెద్ద దూరమెంత అని చెప్తుంది. మామూలు శిల్పానికి సగటు అర మిల్లీమీటరు వస్తే వదిలేస్తా. శాసనానికి అక్షరం లోతే రెండు మూడు మిల్లీమీటర్లు ఉన్నప్పుడు పెద్ద దూరం 2 వచ్చిందంటే శారదగారి అక్షరం పోయినట్టే.

బ్లెండర్_భవాని
అంకెలు చాలవు. ఒక్కో మోడల్‌కు నాలుగు వైపుల నుంచి చిన్న బొమ్మ రెండర్ చేయించు. సైకిల్స్ సీపీయూ మీద, 400 పిక్సెల్స్ చాలు. అన్నీ ఒకే పేజీలో పేర్చి దింపుకో. 186 మోడళ్ళూ టీ తాగేలోపు చూసెయ్యొచ్చు. కన్ను మోకాలి మీదుంటే ఏ లెక్కా చెప్పదు, బొమ్మ చెప్తుంది.

గోపురం_గోపి
మీ ఇద్దరివీ పెట్టా. దెబ్బకు ఒక దొంగ దొరికాడు. బొమ్మల స్క్రిప్ట్ "186 పూర్తి" అని రాసింది, ఫోల్డర్లో 163 బొమ్మలే ఉన్నాయి. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

బ్లెండర్_భవాని
అయ్యో, అది మర్చిపోయా. లోపల మన పైథాన్ స్క్రిప్ట్ కూలిపోయినా బ్లెండర్ మాత్రం అంతా బాగుందనే చెప్పి బయటికి వస్తుంది. పైథాన్ ఎగ్జిట్ కోడ్ అని ఒక ఆప్షన్ ఉంది, దానికి 1 ఇవ్వు. స్క్రిప్ట్ పేరు కంటే ముందు ఇవ్వాలి, వరస సంగతి గుర్తుందిగా. అప్పుడు లూప్‌కు తెలుస్తుంది ఏది పోయిందో.

ఉప్మా_ప్రేమికుడు
మా మేనేజర్‌కి కూడా ఆ ఆప్షన్ ఉంటే బాగుండు.

గోపురం_గోపి
ఆ 23 దారిలో పడ్డాయి. చాలావరకు అవే స్పేస్ పేర్లు. ఇంకొక్క వింత మిగిలింది. ఒక కోనేరును డ్రోన్‌తో తీశాం. పెద్ద ఫైల్‌లో మెట్లు నున్నగా ఉన్నాయి. జీఎల్‌బీ చేశాక ప్రతి మెట్టు మీదా ఇంకా చిన్న మెట్లు! రాయి అంతా గళ్ళు గళ్ళుగా అయింది.

డల్లాస్_మామ
సర్వేలో పనిచేస్తా కాబట్టి ఈ జబ్బు బాగా తెలుసు. ఓబీజేలో మొదటి వీ లైను చూడు, అంకెలు లక్షల్లో ఉన్నాయా?

గోపురం_గోపి
ఉన్నాయి మామా. రెండో అంకె 19 లక్షల చిల్లర.

డల్లాస్_మామ
అదే. డ్రోన్ సాఫ్ట్‌వేర్ భూమ్మీది చోటుతో సహా రాసింది, యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోన్. రెండో అంకె భూమధ్యరేఖ నుంచి మీటర్లలో దూరం. హైదరాబాద్ వైపు 19 లక్షలు దాటుతుంది. జీఎల్‌బీలో బిందువులు 32 బిట్ల ఫ్లోట్‌లో (సుమారు ఏడు అంకెలే పట్టే దశాంశ సంఖ్యలో) ఉంటాయి, బ్లెండర్ లోపలా అంతే. అంత పెద్ద అంకె దగ్గర ఆ ఫ్లోట్ వెయ్యగలిగిన అతి చిన్న అడుగు 12.5 సెంటీమీటర్లు. మీ మెట్టు మీద ఉన్న ప్రతి బిందువూ దగ్గర్లోని గడికి అతుక్కుపోయింది.

ఏ ప్రోగ్రామ్‌కూ ఇవ్వకముందే ఆ పెద్ద అంకెను తీసెయ్యాలి. నల్లతెర గారన్నట్టు ఆక్ చాలు, అది 64 బిట్లలో లెక్క వేస్తుంది. తూర్పు, ఉత్తరం రెండింటిలోంచీ ఒక గుండ్రటి అంకె తీసెయ్, ఏ అంకె తీశావో పక్కనే ఒక ఫైల్లో రాసిపెట్టుకో. రేపు మ్యాప్‌లో పెట్టాలంటే కావాలి. ఉత్త ప్రింట్ వాడొద్దు, ఆరు అంకెల దగ్గర కోసేస్తుంది. ప్రింట్ఎఫ్‌తో నాలుగు దశాంశాలు అడుగు.

నల్లతెర
ఆ ఆరు అంకెల సంగతి తెలిసినవాడు ఇంకొకడున్నాడని ఇప్పుడు తెలిసింది. సంతోషం.

కొత్తకోడి
నాకు సగమే అర్థమైంది కానీ మొత్తం సేవ్ చేసుకున్నా.

గోపురం_గోపి
కోనేరు నున్నగా వచ్చింది! 171 సైట్లోకి ఎక్కాయి, సర్వర్ నుంచి సర్వర్‌కే కాబట్టి నిమిషాల్లో. 15 శాసనాలు అసలు సైజులోనే శారదగారికి లింకు ఇస్తున్నా. ఒక్క వినాయకుడు మాత్రం మాట వినట్లేదు. పెద్ద ఫైల్‌లో కూర్చునే ఉన్నాడు, వెబ్‌సైట్లో బోర్లా పడుకున్నాడు.

ముక్కోణాల_మూర్తి
మీ ఓబీజేలో జెడ్ అక్షం పైకి ఉంది, జీఎల్‌టీఎఫ్‌లో వై పైకి ఉండాలి. ఎక్స్ మీద మైనస్ 90 డిగ్రీలు తిప్పండి.

గోపురం_గోపి
తిప్పా. ఇప్పుడు తలకిందులుగా ఉన్నాడు.

ముక్కోణాల_మూర్తి
మైనస్ పెట్టారా?

గోపురం_గోపి
…పెట్టలేదు.